గెట్టిస్‌బర్గ్ ఆపిల్ తోటల్లో, యుద్ధభూమిలో సైకిల్ యాత్ర: ఒక వారాంతపు ప్యాకేజీ సమీక్ష

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, మేరీలాండ్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఆడమ్స్ కౌంటీ పేరు చెబితే ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేది గెట్టిస్‌బర్గ్. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1863 జులై 1 నుంచి 3 వరకు, ఉత్తరాది సేనకూ, బానిసత్వాన్ని నిలుపుకోవాలని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సేనకూ మధ్య ఆ పట్టణం చుట్టూ జరిగిన యుద్ధంలో చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు, జాడ తెలియకుండా పోయినవారు కలిసి దాదాపు 51,000 మంది. వాషింగ్టన్, బాల్టిమోర్ పరిసరాలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు చాలావరకు పిల్లలను తీసుకొని కారులో వచ్చి, యుద్ధభూమిని ఒక్క పూటలో చుట్టి, చీకటి పడేలోగా ఇల్లు చేరుకుంటాయి. పట్టణానికి ఉత్తరాన, పడమరన కొద్ది మైళ్ళలోనే మొదలై సౌత్ మౌంటెన్ కొండల పాదాల దాకా పరుచుకున్న పండ్ల తోటలను చూసి వచ్చినవారు మాత్రం తక్కువ. ఈ రెండింటినీ ఒకే యాత్రగా కలిపి, సైకిల్ మీద తిరిగే ఏర్పాటు చేసే ఒక చిన్న ప్రైవేటు సంస్థ వారాంతపు ప్యాకేజీ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఆ సంస్థ లోపాలు కొన్ని చెప్పవలసి ఉంది కనుక పేరు రాయడం లేదు. ఇలాంటి ప్యాకేజీలు నడిపే సంస్థలు ఇంకా ఉన్నాయి కనుక, ఎవరి దగ్గర బుక్ చేసుకున్నా ఇందులో చెప్పిన విషయాలు పనికివస్తాయని అనుకుంటున్నాను.

ప్యాకేజీలో సైకిలు, హెల్మెట్, పంక్చర్ సామగ్రి, ఫోనులోకి ఎక్కించుకునే దారి పటం, పల్లెలోని పాతకాలపు ఇళ్ళలో రాత్రి బస, ఉదయపు ఫలహారం, ఒక బస నుంచి మరో బసకు సామాను చేరవేత ఉంటాయి. గైడ్ వెంట రాడు. ఎవరికి వారే తమ వేగంతో తిరగాలి. ధర తక్కువేమీ కాదు. అయితే గెట్టిస్‌బర్గ్ జాతీయ సైనిక పార్కులోకి ప్రవేశం అందరికీ ఉచితం. మ్యూజియంకు మాత్రమే టికెట్టు ఉంటుంది. కాబట్టి సంస్థకు మనం ఇచ్చే డబ్బు నిజానికి సైకిలుకు, బసకు, సామాను మోతకు, అన్నిటికంటె ముఖ్యంగా దారి ఎంపికకు ఇస్తున్నట్లు లెక్క. ఆ దారి ఎంత బాగుంది అన్నదాన్ని బట్టే ఈ ప్యాకేజీ విలువను తేల్చాలి.

దారి, ఒకటి రెండు చోట్ల తప్ప, చాలా బాగుంది. అది బాగుండడానికి కారణం ఈ నేల ఎత్తుపల్లాలు. బ్లూ రిడ్జ్ పర్వతశ్రేణికి ఉత్తరపు కొస అయిన సౌత్ మౌంటెన్ ఇక్కడ దాదాపు 600 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. దాని తూర్పు వాలు ఒక్కసారిగా కిందికి దిగిపోకుండా, చిన్న చిన్న గుట్టలుగా, మిట్టలుగా గెట్టిస్‌బర్గ్ వైపు సాగుతుంది. పండ్ల తోటలకు ఈ మిట్టలే అనువైన చోట్లు. వసంతంలో చెట్లు పూత మీద ఉన్నప్పుడు, మబ్బు లేని, గాలి కదలని రాత్రులలో నేలను అంటుకొని ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి పల్లంలో చేరుతుంది. పల్లంలోని పూత మంచుకు మాడిపోయిన రాత్రే మిట్ట మీది తోట క్షేమంగా బయటపడవచ్చు. అందుకే ఇక్కడి రైతులు లోయ అడుగును మొక్కజొన్నకు, గడ్డికి వదిలి, ఎత్తు మీద ఆపిల్, పీచ్ చెట్లు పెంచుతారు. ఫిరంగులు నిలబెట్టుకునేవారికి కూడా ఎత్తే కావాలి. తోట వేసిన రైతూ, ఫిరంగి మోహరించిన సేనానీ ఒకే మిట్టను కోరుకోవడం వల్ల ఇక్కడి చరిత్ర ఎలా నడిచిందో కారు కిటికీ లోంచి చూస్తే సరిగా తెలియదు. కొన్ని అడుగుల ఎత్తు పెరిగినా కాళ్ళకు తెలిసిపోతుంది కనుక, సైకిల్ తొక్కేవారికి అది చెప్పకుండానే అర్థమవుతుంది.

దీనికి అన్నిటికంటె మంచి సాక్ష్యం యుద్ధభూమిలోని పీచ్ తోట. షెర్ఫీ అనే రైతు కుటుంబానికి చెందిన ఈ తోట ఎమిట్స్‌బర్గ్ రోడ్డు పక్కన ఒక చిన్న మిట్ట మీద ఉంది. జులై 2న ఉత్తరాది సేనలో మూడవ దళానికి అధిపతి అయిన జనరల్ డేనియల్ సికిల్స్, సెమెటరీ రిడ్జ్ అనే పొడవాటి గట్టు దక్షిణ భాగంలో తనకు కేటాయించిన చోటు పల్లంగా ఉందనీ, ఎదురుగా ఉన్న పీచ్ తోట దానికంటె ఎత్తుగా ఉందనీ చూసి, పై అధికారి ఆజ్ఞ లేకుండానే తన దళాన్ని ముందుకు నడిపించాడు. ఆ విధంగా ముందుకు పొడుచుకు వచ్చిన కోణం మీద దక్షిణాది సేన రెండు వైపుల నుంచి విరుచుకుపడింది, దళం చెదిరిపోయింది, సికిల్స్ ఒక కాలు పోగొట్టుకున్నాడు. ప్యాకేజీ దారి లిటిల్ రౌండ్ టాప్ అనే గుట్ట దిగువ నుంచి వీట్‌ఫీల్డ్ రోడ్డు మీదుగా పడమరకు వెళ్ళి ఈ తోటకు చేరుతుంది. ముందు దిగుడు, ఆ తరువాత గేరు తగ్గించక తప్పని ఎక్కుడు. ఆ ఎక్కుడు చివర సైకిలు దిగి వెనక్కి తిరిగి చూస్తే సికిల్స్ ఎందుకు ఆశపడ్డాడో తెలుస్తుంది. అక్కడే నిలబడి దక్షిణానికి, పడమరకు చూస్తే అతడు ఎందుకు ఓడిపోయాడో కూడా తెలుస్తుంది. పార్కు నిర్వాహకులు ఆనాటి తోటలను తిరిగి నాటించి పెంచుతున్నారు. షెర్ఫీల ఇటుక ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. వారి కొట్టం మాత్రం యుద్ధంలోనే, లోపల గాయపడిన సైనికులు ఉండగానే, తగలబడిపోయింది.

అదే విధంగా సెమెటరీ రిడ్జ్ మీద ఏబ్రహామ్ బ్రయన్ ఇంటి దగ్గర తప్పక ఆగాలి. అతడు స్వతంత్రుడైన నల్లజాతి రైతు. 12 ఎకరాల సొంత భూమిలో ధాన్యంతో పాటు కొద్దిపాటి పండ్ల చెట్లు కూడా పెంచుకున్నాడు. దక్షిణాది సేన వస్తున్నదని తెలియగానే, పట్టుబడితే బానిసలుగా అమ్మివేస్తారన్న భయంతో ఇక్కడి నల్లజాతి కుటుంబాలు ఊరు విడిచి వెళ్ళిపోయాయి. బ్రయన్ కుటుంబం కూడా వెళ్ళింది. జులై 3న సుమారు 12,500 మంది దక్షిణాది సైనికులు మైలు దూరం బయలు పొలంలో నడిచివచ్చి దాడి చేసింది ఈ గట్టు మీదికే. బ్రయన్ తిరిగి వచ్చేసరికి ఇల్లు తూట్లు పడి, పంట, చెట్లు నాశనమై ఉన్నాయి. నష్టపరిహారం కోసం అర్జీ పెట్టుకుంటే చేతికి వచ్చింది 15 డాలర్లు. సంస్థ ఇచ్చిన పటంలో ఈ ఇంటి ప్రస్తావనే లేదు. పార్కులో ఉన్న వందలాది సేనా స్మారకాల గురించి పుటల కొద్దీ సమాచారం ఇచ్చి, ఇదే నేలను దున్నిన మనుషులను వదిలివేయడం ఈ ప్యాకేజీలో నాకు అన్నిటికంటె బాధ కలిగించిన లోపం. తోటలూ యుద్ధభూమీ కలిపి చూపిస్తామని చెప్పే సంస్థకు ఈ ఇల్లు, షెర్ఫీ ఇల్లు ప్రధాన మజిలీలు కావాలి.

ఈ లోటును తీర్చుకోవడానికి ఒక దారి ఉంది. గెట్టిస్‌బర్గ్‌లో 1915 నుంచి లైసెన్సు పొందిన యుద్ధభూమి గైడ్ల వ్యవస్థ ఉంది. కఠినమైన పరీక్షలో నెగ్గినవారికే ఆ లైసెన్సు ఇస్తారు. వారిలో కొందరు సైకిల్ మీద కూడా వెంట వస్తారు. ప్యాకేజీలో ఇది లేదు కనుక విడిగా ముందే మాట్లాడుకోవాలి. డబ్బు విడిగా ఇవ్వాలి. అయినా సరే, కనీసం ఒక ఉదయమైనా గైడ్‌తో తిరగమని గట్టిగా చెబుతాను. మన ప్రశ్నను బట్టి వారు కథనాన్ని మార్చుకుంటారు. రైతుల ఇళ్ళ గురించి, కంచెల గురించి, గాయపడినవారిని చేర్చిన కొట్టాల గురించి అడిగితే సేనల కదలికలతో సమానమైన శ్రద్ధతో చెబుతారు. వారితో తిరిగిన తరువాత సందర్శక కేంద్రంలోని సైక్లోరమా చూడడం మంచిది. ఫ్రెంచి చిత్రకారుడు పాల్ ఫిలిపోతో బృందం 1880లలో గీసిన, 377 అడుగుల పొడవైన ఆ వర్తుల చిత్రంలో జులై 3 నాటి దాడి చుట్టూ కనిపిస్తుంది. మనం తొక్కి వచ్చిన మిట్టలను అందులో గుర్తుపట్టవచ్చు.

ఇక సైకిలు. ఈ విషయంలో సంస్థను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. అద్దె సైకిళ్ళలో సాధారణంగా కనిపించే బరువైన, గేర్లు సరిపోని బండిని అంటగట్టకుండా, కొండదారికి తగిన బండి ఇచ్చారు. ముందు చిన్న పళ్ళచక్రానికి 30 పళ్ళు, వెనక పెద్ద చక్రానికి 34 పళ్ళు ఉండడం వల్ల పెడల్ ఒక పూర్తి చుట్టు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు కంటె తక్కువే తిరుగుతుంది. నిలువెక్కుడులో కూర్చున్న చోటనే నెమ్మదిగా తొక్కుకుంటూ పోవడానికి ఇది ఎంతో అవసరం. టైర్లు 38 మిల్లీమీటర్ల వెడల్పువి. తోటల మధ్య కంకర దారులలో జారలేదు. డిస్క్ బ్రేకులు తడిసిన రాలుటాకుల మీద కూడా పట్టు తప్పలేదు. సీటు ఎత్తును, హ్యాండిల్ దూరాన్ని ఒక్కొక్కరికీ కొలిచి సరిచేశాకే బండి అప్పగించారు. అదనపు రుసుముతో బ్యాటరీ సైకిలు కూడా ఇస్తారు. అలవాటు లేని పెద్దవారు వెంట ఉంటే దాన్నే తీసుకోవడం మంచిది. కాకపోతే సౌత్ మౌంటెన్ వైపు ఎక్కే రోజున బ్యాటరీ మామూలు కంటె త్వరగా ఖర్చవుతుందనీ, దారిలో ఛార్జింగ్ దొరికే చోట్లు అరుదనీ గుర్తుంచుకోవాలి.

తోటల వైపు సాగే దారి పట్టణం నుంచి మమ్మాస్‌బర్గ్ రోడ్డు మీదుగా బయలుదేరుతుంది. మొదటి రోజు యుద్ధం జరిగిన ఓక్ హిల్ మీద శాశ్వత శాంతి జ్యోతి స్మారకం ఉంది. 1938 జులై 3న, యుద్ధం జరిగి 75 ఏళ్ళు నిండిన సందర్భంగా, ఇరుపక్షాల వృద్ధ సైనికుల ఎదుట అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ దాన్ని ఆవిష్కరించాడు. అది దాటిన కాసేపటికి స్మారకాలు తగ్గిపోయి తోటలు మొదలవుతాయి. ఆరెండ్స్‌విల్, బిగ్లర్‌విల్ ఊళ్ళ చుట్టూ ఎటు చూసినా ఆపిల్ చెట్లే. పాత తోటలలో విడివిడిగా, గుబురుగా పెరిగిన చెట్లు ఉంటే, కొత్త తోటలలో పొట్టి అంట్లను తీగల పందిరికి కట్టి, గోడ కట్టినంత దగ్గరగా పెంచుతున్నారు. పొట్టి చెట్టు త్వరగా కాపుకు వస్తుంది, నిచ్చెన అవసరం లేకుండా కోయవచ్చు. ఒకే రోడ్డుకు ఒక పక్క పాత పద్ధతి, మరో పక్క కొత్త పద్ధతి కనబడే చోట్లు ఈ దారిలో ఎన్నో ఉన్నాయి.

ఈ ప్రాంతం పేరు తెచ్చుకున్నది పచ్చిగా తినే పండుకంటె ఎక్కువగా ఫ్యాక్టరీకి వెళ్ళే పండు వల్లనే. చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలను నమ్ముకొని పండినట్లు, ఇక్కడ యార్క్ ఇంపీరియల్ వంటి రకాలు సాస్, రసం తయారుచేసే కర్మాగారాలను నమ్ముకొని విస్తరించాయి. యార్క్ ఇంపీరియల్ పక్కనే ఉన్న యార్క్ ప్రాంతంలో పుట్టినది. కాయ ఒక పక్కకు వంకరగా ఉంటుంది, చాలా కాలం నిలవ ఉంటుంది. బిగ్లర్‌విల్‌లో 1907లో ముస్సెల్‌మన్ కుటుంబం పెట్టిన డబ్బాల ఫ్యాక్టరీ ఇప్పుడు నౌస్ ఫుడ్స్ అనే సంస్థ కింద నడుస్తున్నది. 1949లో ఏర్పడిన ఆ సంస్థ రైతుల సహకార సంఘం కావడం చెప్పుకోదగిన విషయం. పండించినవారే ఫ్యాక్టరీకి యజమానులు కనుక ధర విషయంలో వారి మాటకు కొంత బలం ఉంటుంది. మామిడి రైతుల కష్టం తెలిసిన మనవాళ్ళు ఈ ఏర్పాటును గమనించకుండా ఉండలేరు. బిగ్లర్‌విల్‌లోనే ఒక పాత కొట్టంలో ఆపిల్ మ్యూజియం కూడా ఉంది. తెరిచి ఉండే వేళలు ముందుగా కనుక్కొని వెళ్ళాలి. 1914లో కట్టిన గుండ్రటి కొట్టం దారిలోనే తగులుతుంది. దాని ఆవరణలో పండ్లు అమ్ముతారు. మంచినీళ్ళు నింపుకోవడానికి, కాసేపు నీడన కూర్చోవడానికి కూడా అనువుగా ఉంటుంది.

ఆరెండ్స్‌విల్ దాటి కొనెవాగో వాగు వెంట నారోస్ అనే ఇరుకు కనుమ గుండా బ్యూకనన్ వ్యాలీకి ఎక్కే భాగం ఈ యాత్రలో నాకు అన్నిటికంటె నచ్చినది. వాగు పక్కనే సాగడం వల్ల ఎక్కుడు సన్నగా, ఒకే తీరుగా ఉంటుంది. చెట్ల నీడ వదలదు. ఎగువన సెయింట్ ఇగ్నేషియస్ చర్చి ఆవరణలో మేరీ జెమిసన్ విగ్రహం ఉంది. 1758లో ఈ లోయలోని ఇంటి నుంచి ఆమెను చిన్న వయసులోనే పట్టుకుపోయారు. తరువాత సెనెకా తెగవారు ఆమెను దత్తత తీసుకోగా, ఆమె జీవితమంతా వారి మధ్యనే గడిపింది. గెట్టిస్‌బర్గ్ యుద్ధానికి శతాబ్దం ముందు ఈ కొండలే వలసవాసులకు, మూలవాసులకు మధ్య సరిహద్దు అన్న సంగతి ఈ విగ్రహం దగ్గర తెలుస్తుంది. సంస్థ పటంలో దీని గురించి ఒక్క వాక్యమైనా ఉన్నందుకు సంతోషించాను.

క్యాష్‌టౌన్ వైపు దారిని మాత్రం సంస్థ వెంటనే మార్చాలి. ఫోనులోని పటం కొంత దూరం 30వ నంబరు జాతీయ రహదారి మీదుగా తీసుకుపోతుంది. ఆ రోడ్డు మీద పెద్ద లారీలు ఎడతెగకుండా తిరుగుతాయి. సైకిలును దాటేటప్పుడు కనీసం 4 అడుగుల ఎడం వదలాలని పెన్సిల్వేనియా చట్టం చెబుతున్నది. పల్లె రోడ్లలో డ్రైవర్లు దాన్ని చాలావరకు పాటిస్తున్నారు కానీ, ఆ రహదారి మీద అది సాధ్యపడే పరిస్థితి లేదు. పక్కనే క్యాష్‌టౌన్ ఊరి మధ్య నుంచి సాగే పాత 30వ నంబరు రోడ్డు ప్రశాంతంగా ఉంది. చరిత్ర దృష్టితో చూసినా అసలు దారి అదే. 1797 నాటి క్యాష్‌టౌన్ సత్రం దాని మీదే ఉంది. ఓటమి తరువాత జులై 4న గాయపడినవారిని ఎక్కించుకొని, జోరువానలో, 17 మైళ్ళ పొడవున సాగిన దక్షిణాది బండ్ల వరుస ఈ దారిలోని క్యాష్‌టౌన్ కనుమలోంచే కొండ దాటింది. కాళ్ళలో సత్తువ ఉన్నవారు అదే కనుమ ఎక్కి కాలెడోనియా పార్కు దాకా వెళ్ళవచ్చు. బానిసత్వాన్ని జీవితాంతం వ్యతిరేకించిన థాడియస్ స్టీవెన్స్ అనే రాజకీయ నాయకుడికి అక్కడ ఇనుము కరిగించే కొలిమి ఉండేది. యుద్ధానికి కొద్ది రోజుల ముందు, జూన్ 26న, దక్షిణాది సైనికులు దాన్ని తగలబెట్టారు.

భోజనం విషయంలో శాకాహారులు ముందుగానే జాగ్రత్తపడాలి. బసలో ఉదయపు ఫలహారం తృప్తిగా ఉంది. గుడ్డు వద్దంటే పండ్లు, ఓట్స్, రొట్టె, ఇంట్లో చేసిన ఆపిల్ బటర్ (ఆపిల్ గుజ్జును చిక్కగా ఉడికించినది, వెన్న కాదు) పెట్టారు. రాత్రి పూట చిక్కు వస్తుంది. పల్లెలోని హోటళ్ళు త్వరగా మూసేస్తారు. జాబితాలో మాంసం లేనివి ఒకటి రెండుకు మించి ఉండవు. పిండి పొరలో పండ్లు నింపి కాల్చే ‘పై’ అనే వంటకం అంటే అందరికీ ఇష్టమే కానీ, ఈ ప్రాంతంలో పాత పద్ధతిలో చేసే ‘పై’ పిండిలో పంది కొవ్వు కలుపుతారు కనుక అడిగి తినడం మంచిది. శాకాహారులమని బుకింగ్ సమయంలోనే రాసి ఇచ్చినా ఆ సమాచారం బస యజమానులకు చేరలేదు. ఈ ధర తీసుకునే సంస్థ ఒక్క ఫోను చేసి చెప్పవలసిన మాట అది. పులిహోర, చపాతీలు కట్టుకొని సామానులో వేసుకుంటే మొదటి రాత్రికైనా నిశ్చింత.

పట్టణానికి తిరిగి వచ్చే దారిలో మార్ష్ క్రీక్ మీద 1850లలో కట్టిన సాక్స్ వంతెన ఉంది. పైకప్పుతో ఉన్న ఈ చెక్క వంతెనను 1996 వరద పునాది నుంచి ఎత్తి పడేయగా, మళ్ళీ నిలబెట్టి మరుసటి ఏడాది తెరిచారు. ఇప్పుడు దాని మీద నడిచేవారికి, సైకిళ్ళకు మాత్రమే ప్రవేశం. అక్కడికి దగ్గరలోనే అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1950లో కొనుక్కున్న వ్యవసాయ క్షేత్రం ఉంది. 1956 డిసెంబరులో జవహర్‌లాల్ నెహ్రూ ఇక్కడికి అతిథిగా వచ్చాడు. ప్యాకేజీ దీనికి కేటాయించిన సమయం చాలదు. వీలైతే చివరి రోజు సైకిలు అప్పగించే వేళను సాయంత్రానికి జరపమని ముందే అడగండి, వారు ఒప్పుకుంటారు.

ఎప్పుడు వెళ్ళాలి అన్నదానికి నా జవాబు ఏప్రిల్ చివర, మే మొదట్లో. అప్పుడు ఆపిల్ చెట్లు పూత మీద ఉంటాయి, దారులు ఖాళీగా ఉంటాయి. అక్టోబరు కూడా అందమైన నెలే. పండు చెట్టు మీద ఉంటుంది, కొండలు ఎర్రబడతాయి. అయితే మొదటి రెండు వారాంతాలలో ఆరెండ్స్‌విల్ దగ్గర ఆపిల్ కోత పండుగ జరుగుతుంది కనుక ఆ ఇరుకు రోడ్లన్నీ కార్లతో నిండిపోతాయి. కోత కాలంలో పండ్ల పెట్టెలు మోసే ట్రాక్టర్లకు దారి ఇవ్వాలి. మందు కొట్టే యంత్రం తోటలో కనబడితే గాలి ఎటు వీస్తున్నదో చూసుకొని, అది దూరంగా వెళ్ళేవరకు ఆగాలి. జులై, ఆగస్టు ఎండలో ఆ ఎక్కుళ్ళను పిల్లలతో తొక్కించవద్దు. యుద్ధభూమిలోని తారు రోడ్లు మాత్రం ఏ కాలంలోనైనా ఉదయం 8 గంటల లోపు తొక్కడానికి హాయిగా ఉంటాయి. చాలా రోడ్లు ఒకే దిశలో వెళ్ళేవి కనుక పటం చూపిన దిశను తప్పవద్దు. నడకదారులలోకి సైకిలును అనుమతించరు. బుక్ చేసేటప్పుడు మూడు సంగతులు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి: క్యాష్‌టౌన్‌కు పాత రోడ్డు మీదుగా మార్చిన పటం, శాకాహార భోజనం గురించి ప్రతి బసకూ సమాచారం, లైసెన్సు గైడ్‌కు ఒక ఉదయం ఖాళీ.